మాట వినెడు యంత్రము – పల్లె చేయవలసిన పని

(హైదరాబాదులోని చిక్కడపల్లిలో సమావేశమైన గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)

మీరు ఈ సభకు వచ్చుటకు ముందు ఇచ్చటి నగర కేంద్ర గ్రంథాలయమును చూచి వచ్చితిరి. అందు కుర్చీ దొరకక చెట్టు నీడను, మెట్లమీదను కూర్చుండి చదువుకొనుచున్న యువతీ యువకులను కూడ చూచితిరి. ఇచ్చటినుండి అశోక్‌నగర్ వీథులలోనికి పోయినచో ప్రతి మేడపైనను ఒక శిక్షణ కేంద్రపు పేరు, ప్రతి సందులోను అద్దెగదుల ప్రకటన కనిపించును. నారాయణగూడ వైపు నడచినచో కళాశాలలు, వసతి గృహములు వరుసగా వచ్చును. ఈ మూడు పేటలలో సర్కారు కొలువు పరీక్షలకు చదువుచున్న వారిలో పలువురు మీ గ్రామములవంటి గ్రామములనుండి వచ్చినవారే.

గ్రంథాలయపు ఆవరణలో ఒక యువకుని నేను పలుకరించితిని. “మీ ఊరిలో పుస్తకములు దొరకవా, నాయనా?” అని అడిగితిని. అతడిచ్చిన సమాధానము నన్ను ఆలోచింపజేసినది. “పుస్తకం లేక కాదు సార్. పుస్తకాలన్నీ ఫోన్‌లనే ఉన్నయి. కూసొని చదివే జాగ లేక వచ్చిన” అనినాడు.

ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడు. ఈనాడు నేను చెప్పబోవు విషయము కృత్రిమ మేధ, అనగా బుద్ధిగల యంత్రములు. యంత్రములకు బుద్ధి నేర్పిన ఒక తెలుగు ఇంజనీరు జీవితమును మీ ముందుంచి, ఆ యువకుని మాటకు మనము చెప్పవలసిన సమాధానముతో ముగించెదను.

కాటూరునుండి కార్నెగీ మెలన్ వరకు

ఆ ఇంజనీరు పేరు దబ్బల రాజగోపాలరెడ్డి. ప్రపంచమాయనను రాజ్ రెడ్డి యని పిలుచును. ఆయన 1937వ సంవత్సరము జూన్ 13వ తేదీన నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామములో జన్మించిరి. తండ్రి శ్రీనివాసులురెడ్డి వ్యవసాయదారు. తల్లి పిచ్చమ్మ గృహిణి. ఆ కుటుంబములో కళాశాల గడప త్రొక్కిన మొదటివారు ఈయనయే. ఆ కాలపు పల్లె బడులలో పిల్లలు ఇసుకలోనే అక్షరములు దిద్దెడివారు. అట్టి కాలములో పుట్టిన పిల్లవాడు మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి 1958లో సివిలు ఇంజనీరింగు పట్టమును పొందెను.

సివిలు ఇంజనీరనగా మీకు తెలియనివాడు కాడు. మీ చెరువు తూమును, మీ రోడ్డు కల్వర్టును కట్టువాడు. రాజ్ రెడ్డిగారును ఆ మార్గముననే పోయియుండవచ్చును. కాని ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమునుండి 1960లో ఎం.టెక్. పట్టము పొందిన పిమ్మట, ఆయన మూడు సంవత్సరములు ఆ దేశములోనే ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిరి. ఆనాటి కంప్యూటరు ఒక పెద్ద గదిని నింపునంతటి యంత్రము. లెక్కలు చేయును, అంతకు మించి దానినుండి సామాన్యులు ఏమియు ఆశింపలేదు.

తరువాత ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు పోయి జాన్ మెకార్తీ అను ఆచార్యుని వద్ద శిష్యులైరి. ‘కృత్రిమ మేధ’ అను శాస్త్రమునకు ఆంగ్లములో ఆ పేరు పెట్టినవారు ఆ మెకార్తీయే. ఆయన వద్ద రాజ్ రెడ్డిగారు ఎన్నుకొన్న పరిశోధన విషయము, యంత్రమునకు మనుష్యుని మాట వినిపించి అర్థము చేయించుట. 1966లో డాక్టరేటు పొంది, మూడు సంవత్సరములు అచ్చటనే బోధించి, 1969లో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో చేరిరి. అది మొదలు ఆ విశ్వవిద్యాలయమే ఆయన కార్యక్షేత్రమైనది.

యంత్రము మాట వినుట ఎట్లు?

మాట వినుట మనకు శ్రమలేని పని. రెండేండ్ల పసివాడును చేయును. యంత్రమునకు మాత్రము అది మహా కష్టము. మనము మాటాడునప్పుడు గాలి కంపించును. ఆ కంపనములను మైకు విద్యుత్తుగా మార్చును. టెలిఫోనులో ఆ విద్యుత్తును సెకనునకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా వ్రాయుదురు. యంత్రమునకు అందునది ఆ అంకెల గుట్ట మాత్రమే. అందులో ఒక మాట ఎచ్చట ముగిసి మరియొక మాట ఎచ్చట ఆరంభమైనదో తెలియదు. మనము పలుకునపుడు మాటలమధ్య ఖాళీ వదలము గదా! పైగా ఒకరి గొంతు వంటిది మరియొకరి గొంతు కాదు. జలుబు చేసినచో ఒకరి గొంతే మారిపోవును.

ఈ చిక్కును విప్పుటకు రాజ్ రెడ్డిగారును, వారి సహచరులైన ఎర్మన్, లెస్సర్ మొదలగువారును అవలంబించిన ఒక మార్గము మీకు కొత్తది కాదు. అది రచ్చబండ మార్గము.

మీ పంచాయతీకి ఒక పొలము గట్టు తగవు వచ్చినదనుకొనుడు. సర్వే తెలిసినవాడు నంబరు చెప్పును. ఊరి పెద్ద పాత గట్టు ఎచ్చట నుండెనో చెప్పును. పక్క పొలము రైతు ఏ ఏట ఎవరు దున్నిరో చెప్పును. ఎవ్వరికిని సంగతి మొత్తము తెలియదు. ఒకరి మాటను మరియొకరి మాటతో సరిచూచుకొని, కడకు ఒక నిర్ణయమునకు వత్తురు. ‘హియర్‌సే’ అని పేరుపెట్టబడిన వారి కార్యక్రమములో పని జరిగినది ఇట్లే. యంత్రములో ఒక నల్లబల్ల ఉన్నదని భావింపుడు. ధ్వని తెలిసిన భాగమొకటి, వ్యాకరణము తెలిసిన భాగమొకటి, ప్రస్తుత విషయము తెలిసిన భాగమొకటి తమ తమ ఊహలను ఆ బల్లపై వ్రాయును. ఒకరు “నీరు వదలండి” అనిరి. ధ్వని తెలిసిన భాగము “నీరు కావచ్చును, నూరు కావచ్చును” అని రెండు వ్రాయును. ప్రసంగము కాలువను గురించి యని ఎరిగిన భాగము “నీరే సరి” యని నిర్ణయించును. ఈ పద్ధతికి శాస్త్రములో నల్లబల్ల పద్ధతి యనియే పేరు. మాట వినుటకే గాక ఇతర సమస్యలకు కూడ దీనిని తరువాత వినియోగించిరి.

1973లో మొదటి హియర్‌సే నోటిమాట విని చదరంగములో ఎత్తు వేసి చూపినది. 1976 నాటికి వారి ప్రయోగశాలలోనే బ్రూస్ లవర్ అను విద్యార్థి నిర్మించిన ‘హార్పీ’ 1,011 పదములతో కూడిన వాక్యములను గుర్తించినది. దాని మార్గము కొంత వేరు. రాబోవు వాక్యములన్నింటిని ముందుగానే ఒక దారుల వలగా పరచి యుంచుదురు. పొలములో ఒక చోటికి పోవుటకు అనేకమైన గట్లున్నప్పుడు, సరియైనవిగా తోచిన నాలుగు గట్లనే వెంబడించి మిగిలినవి విడిచిపెట్టుదుము గదా! హార్పీ అట్లే చేసెను. అందుచేత దానికి కాలము కలిసివచ్చినది. వేయి పదములనగా ఈనాడు మనకు స్వల్పముగా కనిపింపవచ్చును. ఈనాడు మీ జేబులోని ఫోను లక్షల పదములు వినుచున్నది. కాని మొదటి వేయి పదములు వినిపించుటకే ఐదేండ్ల పథకము, అనేకుల శ్రమ కావలసివచ్చినది.

గురువుగా చేసిన పని

ఇంజనీరు కట్టిన వంతెన వందేండ్లు నిలుచును. గురువు కట్టిన వంతెన మీదుగా మనుష్యులు దాటుదురు. వారు మరల వంతెనలు కట్టుదురు. రాజ్ రెడ్డిగారి శిష్యులలో జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ అను దంపతులు 1982లో డ్రాగన్ అను సంస్థను స్థాపించి, చెప్పినది వ్రాసెడు కార్యక్రమమును బజారులోనికి తెచ్చిరి. కాయ్‌-ఫూ లీ అను మరియొక శిష్యుడు ‘స్ఫింక్స్’ అను కార్యక్రమమును నిర్మించి 1988లో డాక్టరేటు పొందెను. అంతకు పూర్వపు యంత్రములు చాలవరకు ముందుగా పరిచయమైన గొంతునే వినెడివి. స్ఫింక్స్ ఎవ్వరు మాటాడినను, ఆపకుండ మాటాడినను విన్నది.

1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థ స్థాపింపబడినపుడు రాజ్ రెడ్డిగారే దానికి మొదటి డైరెక్టరు. 1991 వరకు ఆ పదవిలో ఉండిరి. తరువాత 1999 వరకు కంప్యూటరు శాస్త్ర విభాగమునకు డీనుగా పనిచేసిరి. 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్ అను శాస్త్రజ్ఞునితో కలసి ట్యూరింగ్ పురస్కారము నందుకొనిరి. కంప్యూటరు శాస్త్రములో దీనికి మించిన గౌరవము లేదు. ఆసియా సంతతివారిలో దానిని మొదట పొందినవారు ఈయనయే. భారత ప్రభుత్వము 2001లో పద్మభూషణ్ బిరుదమిచ్చి సత్కరించినది.

చదువు తిరిగి పల్లెకు వచ్చిన విధము

ఇంతవరకు చెప్పినది ఒక గొప్పవాని కథ. గొప్పవారి కథలు విని చప్పట్లు కొట్టి ఇండ్లకు పోవుట మనకు అలవాటు. కాని ఈ కథలో రెండవ సగము మనకు సంబంధించినది.

అక్షరము రానివారికి కంప్యూటరు ఎట్లుపయోగపడును అను ప్రశ్న ఆయనను విడువలేదు. వెనుకబడిన దేశముల ప్రజలకు కంప్యూటరును చేర్చుటకై పారిస్ నగరములో ఏర్పడిన కేంద్రములో పనిచేసినందులకు 1984లో ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరాఁ ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ అను గౌరవము నిచ్చెను. 1998లో హైదరాబాదులోని గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ ఏర్పడినపుడు దాని పాలకమండలికి అధ్యక్షులై మార్గము చూపిరి. అచ్చట తెలుగు మొదలగు భారతీయ భాషలను యంత్రములకు నేర్పుటకై పరిశోధన జరుగుచున్నది.

పుస్తకముల విషయమును చూడుడు. పది లక్షల పుస్తకములను ఫోటోలుగా తీసి కంప్యూటరులో ఉంచి ఎవ్వరైనను ఉచితముగా చదువునట్లు చేయవలెనని ఆయన, సహచరులు సంకల్పించిరి. చైనా, ఈజిప్టు, భారతదేశములు చేతులు కలిపినవి. 2007 నాటికి 15 లక్షలకు పైగా పుస్తకములు చేరినట్లు ప్రకటించిరి. వానిలో తెలుగు పుస్తకములు సుమారు 50,000. హైదరాబాదులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము మొదలగు చోట్ల బీరువాలలో నున్న పాత పుస్తకములు ఈ విధముగా వెలుగు చూచినవి. మన దేశములో ఈ పుస్తకములకై నడిచిన వెబ్‌సైటు తరువాత ఆగిపోయినను, వాని ప్రతులనేకము ఇంటర్నెట్ ఆర్కైవ్ అను చోట నేటికిని లభించుచున్నవి. “పుస్తకాలన్నీ ఫోన్‌లనే ఉన్నయి” అని ఆ యువకుడు చెప్పిన మాట వెనుక ఇంత శ్రమ కలదు.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ విద్యార్థులకొరకు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో దాని ప్రాంగణములు వెలసినవి. దీనికిని రాజ్ రెడ్డిగారు ప్రేరకులై, పాలకమండలి అధ్యక్షులుగా నుండిరి. పదవ తరగతి ముగిసిన పిల్లవాడు అచ్చటనే నివసించి ఆరు సంవత్సరములు చదివి ఇంజనీరై బయటకు వచ్చును. కుటుంబములో మొదట కళాశాలకు పోయిన ఒక పల్లె పిల్లవాడు తన తరువాతి వారికొరకు తెరచిన తలుపు ఇది.

యంత్రమునకు మన తెలుగు తెలియునా?

ఇప్పుడొక ముఖ్య విషయము. నేటి యంత్రములు నియమములు చెప్పించుకొని కాక, ఉదాహరణములు చూచి నేర్చుకొనును. ఎంత మాట వినిపించితిమో అంత నేర్చును. వినిపింపని మాట దానికి రాదు. కేంద్ర ప్రభుత్వము 2022లో ‘భాషిణి’ అను కార్యక్రమమును ప్రారంభించి భారతీయ భాషల మాటలను, పాఠములను సేకరించుచున్నది. ఇది మంచి పని. కాని తెలుగనగా ఒక్క తెలుగు కాదు. పుస్తకములో “వచ్చినాడు” అని వ్రాయుదుము. ఒక సీమలో “వచ్చాడు” అందురు. మన పల్లెలలో “వచ్చిండు” అందురు. “అచ్చిండు” అనువారును కలరు. మొదటి రెండు మాత్రమే విన్న యంత్రమునకు మన అవ్వ మాట ఎట్లు తెలియును? ఆమె పింఛను గురించి అడిగినపుడు యంత్రము తెల్లమొగము వేసినచో తప్పు అవ్వది కాదు. ఆమె మాటను దానికి వినిపింపనివారిది.

ఈ చింత మనకు కొత్తది కాదు. ఇక్కడికి కూతవేటు దూరములో నారాయణగూడ యున్నది. నైజాము పాలనలో రాజభాష, బోధనభాష ఉర్దూగా నున్న దినములలో, 1928లో, మాడపాటి హనుమంతరావు పంతులుగారు అచ్చట తెలుగులో బోధించు బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ఆడపిల్లకు చదువు రావలెను; ఆ చదువు ఆమె తల్లి మాటాడు భాషలో రావలెను అనునది వారి పట్టుదల. ఆనాడు బడిలో తెలుగునకు చోటు కావలసివచ్చినది. ఈనాడు యంత్రములో తెలుగునకు, అందును మన పల్లె తెలుగునకు, చోటు కావలెను.

ఒక హెచ్చరికయు చేయవలెను. యంత్రము విన్నది తప్పు కావచ్చును. వ్రాసినది తప్పు కావచ్చును. నూరు, నీరు భేదము దానికి ఇంకను కొన్నిచోట్ల చిక్కే. కావున యంత్రము వ్రాసియిచ్చిన తీర్మానముపై చదువకుండ సంతకము చేయకుడు. ఎవ్వరి గొంతునైనను వారికి తెలిపి, వారి సమ్మతి పొంది మాత్రమే రికార్డు చేయుడు. ఫోనులో వచ్చిన గొంతు తెలిసినవారి గొంతువలె నున్నదని నమ్మి డబ్బు పంపకుడని మీ ఊరిలో చాటింపు వేయించుడు. ఈనాడు యంత్రము మనుష్యుని గొంతును అనుకరింపను కూడ గలదు.

పంచాయతీ చేయవలసినది

ఇక మన కర్తవ్యము. నాలుగు పనులు చెప్పెదను. వీనిలో ఏ ఒక్కటియు మీ శక్తికి మించినది కాదు.

మొదటిది గ్రంథాలయపు పన్ను. 1960 నాటి ఉమ్మడి రాష్ట్ర గ్రంథాలయ చట్టము మనకును వర్తించుచున్నది. దాని ననుసరించి ఇంటి పన్నుతోబాటు రూపాయికి 8 పైసల చొప్పున ఈ పన్నును మీరు వసూలు చేయుచున్నారు. లక్ష రూపాయల ఇంటి పన్ను వచ్చు గ్రామములో ఇది 8,000 రూపాయలు. ఈ సొమ్ము పంచాయతీది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసినది. వసూలైన సొమ్మును ఇతర ఖర్చులలో కలుపుకొని జమ చేయకుండుట అనేకచోట్ల జరుగుచున్నదని మీలో పలువురికి తెలియును. నేను ఎవ్వరిని నిందించుటకు రాలేదు. వీథిదీపములకు, పారిశుద్ధ్యమునకు డబ్బు చాలని కష్టము నాకును తెలియును. అయినను ఇది చదువుకొను పిల్లల సొమ్ము. వచ్చు సమావేశములో మీ కార్యదర్శిచేత ఈ లెక్క చదివించుడు. ఎంత వసూలైనది, ఎంత జమయైనది అని రెండు ప్రశ్నలు అడుగుడు. జమ చేసిన పిమ్మట మా గ్రామమునకు గ్రంథాలయ శాఖ కావలెనని జిల్లా సంస్థను గట్టిగా అడుగు హక్కు మీకు వచ్చును.

రెండవది కూర్చుండి చదువుటకు ఒక గది. పాత పంచాయతీ భవనమో, సాయంకాలము ఖాళీగా నుండు బడి గదియో చాలును. నాలుగు బల్లలు, మంచి దీపము, త్రాగునీరు, ఇంటర్నెట్ వసతి ఉండవలెను. ఆడపిల్లలు నిర్భయముగా వచ్చిపోవునట్లు వేళలు నిర్ణయించి, తాళము బాధ్యత ఒకరికి అప్పగింపుడు. అశోక్‌నగర్‌లో అద్దెకును భోజనమునకును మీ ఊరి తల్లిదండ్రులు నెలనెలా పంపు సొమ్ములో కొంతయైనను దీనివలన మిగులును.

మూడవది పదవ తరగతి పిల్లల విషయము. ప్రతి సంవత్సరము ఫలితములు వచ్చిన దినముననే బడి ప్రధానోపాధ్యాయుని పిలిచి, బాసర ప్రవేశమునకు తగిన మార్కులు ఎవరికి వచ్చినవో అడుగుడు. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి ఆ ప్రవేశములో కొంత అదనపు ప్రాధాన్యము కలదు. ఆ సంగతి తెలియకనే దరఖాస్తు గడువు దాటిపోయిన ఇండ్లు కలవు. దరఖాస్తు నింపించి పంపుట వార్డు సభ్యునికి ఒక పూట పని. ఆ పిల్లకది జీవితము.

నాలుగవది మన మాట. మీ ఊరి పెద్దలకు తెలిసిన పనిముట్ల పేర్లు, విత్తనముల పేర్లు, సామెతలు, పాటలు, చెరువు కథలు ఉన్నవి. వారి సమ్మతితో, బడి పిల్లలచేత, వారి గొంతులోనే రికార్డు చేయించి భద్రపరచుడు. పిల్లలకది పాఠమగును, ఊరికి చరిత్రయగును, భాషకై పనిచేయు సంస్థలు అడిగిననాడు ఇచ్చుటకు మన యొద్ద సిద్ధముగా నుండును.

సోదరీ సోదరులారా! నల్లబల్ల పద్ధతిని మరల ఒక్కసారి జ్ఞాపకము చేసికొనుడు. అందు ఏ ఒక్కరికిని అంతయు తెలియదు. ప్రతివారును తమకు తెలిసినది తెచ్చి బల్లపై వ్రాయవలెను. ఒకరు వ్రాయకున్నచో ఆ మేరకు నిర్ణయము తప్పగును. మాట వినెడు యంత్రమును లోకము కట్టుచున్నది. ఆ నల్లబల్లపై మన పల్లె వ్రాయవలసిన భాగము ఇంకను ఖాళీగా నున్నది.

తిరిగి పోవునపుడు ఆ గ్రంథాలయపు మెట్లమీద కూర్చున్నవారిలో మీ ఊరివారు ఎవరైనను ఉన్నారేమో చూడుడు. ఉన్నచో పలుకరించి, “మన ఊరిలో జాగ చూచెదము, నాయనా” అని మాట ఇచ్చి పొండు. ఇచ్చిన మాటను వచ్చు సమావేశములో తీర్మానముగా వ్రాయింపుడు.



జై హింద్!